సాసర్లో సగం

నాంపల్లి స్టేషన్ ఎదుటి ఇరానీ హోటల్లో పొద్దున పూట ఫుల్ చాయ్ చెప్పేవాళ్లు తక్కువ. కొత్తగా రైలు దిగినవాళ్లు చెప్తారు, లేకపోతే దోస్తులు లేనివాళ్లు. వామన్‌రావుకి దోస్తు ఉన్నాడు. అబిడ్స్‌లో తన సూటింగ్ షర్టింగ్ దుకాణం షట్టర్ ఎత్తే ముందు అక్కడ ఆగేవాడు. సూట్‌కేసుల షాపు విజయేందర్ ఎదురు కుర్చీలో కూర్చునేవాడు. "ఏక్ చాయ్, వన్ బై టూ" అని కేక వేస్తే కప్పు వచ్చేది. వామన్‌రావు సగం సాసర్లోకి ఒంపుకుని కప్పు దోస్తు వైపు జరిపేవాడు.

చాయ్‌తో పాటు ఒంట్లో ఉన్నది కూడా సగం సగం అయ్యేది. విజయేందర్ పంటి నొప్పి ఇటు వచ్చేది, వామన్‌రావు నడుం నొప్పి అటు పోయేది. ఇందులో వింతేమీ లేదు. చాయ్‌లో చక్కెర కలుస్తుందని ఎలా తెలుసో ఆ వీధిలో అందరికీ ఇదీ అలాగే తెలుసు. పద్ధతి కూడా తెలుసు. గిన్నెలోంచి నాలుగు గ్లాసుల్లో పోస్తే అది వడ్డించడం, పంచుకోవడం కాదు. ఒకరికని నింపిన కప్పు ఇద్దరిది కావాలి. వేడి ఆరకముందే ఇద్దరూ తాగాలి. అంతే. ఏళ్లుగా ఆ హోటల్లో కూర్చునే మగవాళ్లందరిదీ దాదాపు ఒకటే నడుం నొప్పి, ఒకటే ఎసిడిటీ. మోయలేనంత బరువు ఎవరి మీదా లేదు. దాన్ని వాళ్లు దోస్తీ అనేవాళ్లు.

మరి ఆడవాళ్లు? వాళ్ల కోసం హోటల్లో ఒక మూల పరదా కట్టిన ఫ్యామిలీ రూమ్ ఉండేది. వామన్‌రావు భార్య ప్రభావతి పెళ్లయిన కొత్తలో ఒకసారి అక్కడ కూర్చుంది. పరదా లోపలికి సమోసాలు వచ్చాయి, కూల్‌డ్రింక్ వచ్చింది. వామన్‌రావు మాత్రం పరదా బయట విజయేందర్‌తో చాయ్ తాగి వచ్చాడు. ఇంట్లోనేమో ఆమె అందరికీ పోశాక గిన్నె అడుగున మిగిలింది స్టీలు గ్లాసులోకి వంచుకుని, స్టవ్ పక్కన నిలబడి తాగేది. కూతురు రశ్మి పుట్టిన పొద్దున వామన్‌రావు టెన్షన్‌లో సగం విజయేందర్ తీసుకున్నాడు. పురిటి నొప్పుల్లో సగం ఎవరూ తీసుకోలేదు.

ఇలా నడుస్తుండగా, దసరా గిరాకీ రోజుల్లో, కౌంటర్ మీద ప్యాంటు గుడ్డ కొలుస్తూ కొలుస్తూ వామన్‌రావు కుప్పకూలాడు. దవాఖానలో ప్రాణం దక్కింది గానీ గుండె కండరం చాలావరకు చచ్చిపోయిందన్నారు.

"సిగరెట్ బంద్. చక్కెర బంద్, పాల చాయ్ బంద్. గోళీలు మాత్రం ఒక్క పూట గూడ తప్పొద్దు" అన్నాడు డాక్టర్.

"చాయ్ లేకుంట ఎట్ల సార్?" అన్నాడు వామన్‌రావు, మిగతావేవీ వినపడనట్టు.

"అంతగా ఉండలేకుంటే గ్రీన్ టీ తాగున్రి."

డాక్టర్ చాయ్‌కి బదులు చెప్పాడు. ఆ మాట నాంపల్లి చేరేలోపు గ్రీన్ టీయే మందుగా మారిపోయింది.

దవాఖాన నుంచి వచ్చాక మొదటిసారి హోటల్‌కి వెళ్లిన పొద్దున వామన్‌రావు పాత కుర్చీలో కూర్చుని చెయ్యెత్తాడు. "ఏక్ చాయ్..."

"నాకు ఫుల్" అన్నాడు విజయేందర్, బల్ల మీది ఉస్మానియా బిస్కట్లను చూస్తూ.

"ఏంది యార్?"

"నీకు పాల చాయ్ వద్దన్నరు గద. నీ మంచికే చెప్తున్న."

"గ్రీన్ టీ తాగొచ్చన్నడు. అది చెప్దాం, వన్ బై టూ."

"అది నాకు పడదు వామన్. ఎసిడిటీ."

ఆ ఎసిడిటీలో సగం వామన్‌రావుదే. ఆయన చుట్టూ చూశాడు. పక్క బల్లల దగ్గర కూడా పాత దోస్తులే ఉన్నారు. ఆ పొద్దున అందరి ముందూ నిండు కప్పులే ఉన్నాయి. సాసర్లన్నీ పొడిగా ఉన్నాయి.

సాయంత్రం విజయేందర్ ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండా గడపలోనే నిలబడి, ఆకుపచ్చ డబ్బా ఒకటి అందించాడు. "అబిడ్స్‌ల పెద్ద షాపుల కొన్న. ఫారిన్ మాల్. గుండెకు బహుత్ మంచిదట" అని వెంటనే వెళ్లిపోయాడు.

ఇంట్లో ఎవరూ గ్రీన్ టీ ఎరగరు. ప్రభావతి దాన్ని మామూలు చాయ్‌పత్తీ లాగే పాలల్లో వేసి, అల్లం దంచి వేసి, మూత మీద బరువు పెట్టి సన్నటి సెగ మీద దమ్ముకి వదిలింది. మూత తీస్తే కుడితి రంగు. రశ్మి పొట్ట పట్టుకుని నవ్వింది.

"అమ్మా, ఇది బిర్యానీ కాదే దమ్ము పెట్టనీకి. నీళ్లు కాచి, దింపి, జర ఆగినంక ఆకు వేస్తరు. మరిగించొద్దు, చేదైతది. పాలు అసలే వద్దు."

"పాలు లేవు, చక్కెర లేదు, మరిగించుడు లేదు. మరి ఇందుల చాయ్ ఏడున్నదే?"

రశ్మి ఫార్మసీ చదువుతోంది. డబ్బా అటూ ఇటూ తిప్పి దాని చరిత్రంతా చదివి వినిపించింది. వేల ఏళ్ల కింద చైనాలో ఒక రాజు చెట్టు కింద కూర్చుంటే, కాగుతున్న నీళ్లలో ఆకు రాలిందట. ఆయన తాగి చూసి ఆహా అన్నాడట.

"గా నీళ్లు ఎవరు కాచిన్రు?" అంది ప్రభావతి.

"అది రాయలే."

"రాయరు."

ఇంకో కథ కూడా ఉంది. ధ్యానంలో నిద్ర వస్తోందని ఒక సన్యాసి తన కనురెప్పలు కోసి పారేస్తే, అవి పడిన చోట టీ చెట్టు మొలిచిందట. "నిద్ర పోగొట్టుకోనీకి రెప్పలు కోసుకోవాల్నా? ఒక్క బిడ్డను కంటే సాలు" అంది ప్రభావతి. డబ్బా మీద కొండ వాలులో బుట్ట కట్టుకుని ఆకు కోస్తున్న ఒక ఆడమనిషి బొమ్మ ఉంది. ఆ చరిత్ర మొత్తంలో పని చేస్తూ కనిపించింది ఆమె ఒక్కతే. ఆమెకి పేరు లేదు.

"మన చాయ్‌పత్తీ గూడ ఈ చెట్టుదే తెలుసా?" అంది రశ్మి. "ఆకు కోయంగనే వేడి తగలనిస్తే పచ్చగ ఉంటది. పట్టించుకోకుండ వాడనిస్తే లోపల్లోపల మారి నల్లబడుతది."

ప్రభావతి చేతిలోని గరిటె ఒక్క క్షణం ఆగింది. ఎడమ చెయ్యి దానంతటదే పైట కిందికి పోబోయింది. ఆపుకుంది.

అక్కడ, ఎడమ రొమ్ము పక్కన, చంకకి దగ్గరగా ఒక గడ్డ ఉంది. మొదట స్నానం చేస్తుంటే రేగ్గింజంత తగిలింది. అప్పుడు రశ్మి ఎంట్రన్సు పరీక్షలు, తర్వాత చెప్దామనుకుంది. నిమ్మకాయంత అయ్యేసరికి వామన్‌రావు గుండె కూలింది. ఒక ఇంట్లో ఒకేసారి ఒకరే జబ్బు పడాలి. ఈ రూలు ఎక్కడా రాసి లేదు, అందుకే ఏ కోర్టూ దీన్ని కొట్టెయ్యలేదు. ఆ ఒక్కరు ఎవరన్నది కూడా పెళ్లినాడే తేలిపోయి ఉంటుంది. ప్రభావతి పసుపు అరగదీసి పట్టు వేసుకుంటోంది. చెయ్యి పైకెత్తితే నరం లాగుతోందని పప్పు డబ్బాలన్నీ కింది అరలోకి దించింది. ఎందుకు దించావని ఎవరూ అడగలేదు. నోరు తెరిచి ఆమే చెప్పొచ్చు కదా అంటే, చెప్పొచ్చు. వినేవాళ్లు కాస్త తలుపు దగ్గరైనా నిలబడి ఉండాలి.

వామన్‌రావు గ్రీన్ టీ మీద భక్తిలో పడ్డాడు. ఫోన్లో వచ్చిన ప్రతి మెసేజీ చదివి వినిపించేవాడు. కొవ్వు కరుగుతుందట, షుగర్ దిగుతుందట, మతిమరుపు రాదట, క్యాన్సర్ దగ్గరికే రాదట. "కొలెస్ట్రాల్ కొంచెం తగ్గుతదేమో డాడీ. యాంటీఆక్సిడెంట్లు ఉన్నయన్నది నిజమే. పోయిన గుండె మాత్రం మొలవదు. అన్నం తినంగనే తాగకున్రి, ఐరన్ పట్టదు" అని రశ్మి చెప్తూనే ఉంది. నిజానికి ఆయనకి కావలసింది టీ కాదు. ఆ టీలో రెండో సగం తాగే మనిషి.

ఒకరోజు సోఫాలో కూర్చుని, కప్పు చేత్తో పట్టుకుని, గాల్లోకి అన్నాడు. "ఒక్కణ్ణే తాగుతుంటే మంచిగనిపిస్తలేదు."

వంటింట్లో ప్రభావతికి అర్థమైంది. తాగితే ఆయన గుండె బరువు సగం తనకొస్తుంది. దానికి ఆమె భయపడలేదు. ఆమె భయం రెండో వైపు నుంచి. తన పైట కింద ఉన్నది సగం ఆయనకి పోతుంది. అసలే కూలిన మనిషి. అందుకే "నాకు చేదు పడదు" అంది. మర్నాడూ అదే అంది.

పై వాటాలో ఉండే కామాక్షి ఊరుకోలేదు. వాళ్ల తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మాట మాత్రం కృష్ణ దాటలేదు.

"అదేంటండీ వదినగారూ, అన్నయ్యగారు కప్పు పట్టుకుని ఎదురుచూస్తుంటే మీరు వంటింట్లో నక్కి కూర్చుంటారూ? ఏడడుగులు నడిచారు, అరకప్పు తాగలేరా?"

"నాకు చేదు పడదు కామాక్షీ."

"చేదు ఎవరికి పడుతుందండీ! భర్తన్నాక సర్దుకోవాలి."

"మీరు మీ ఆయనతోటి తాగుతరా?"

"మాది కాఫీ ఇల్లండీ" అంది కామాక్షి చటుక్కున. కాఫీకి ఆ గుణం లేదు.

వారం తిరక్కుండానే వీధి వీధంతా ప్రభావతిది రాతి గుండె అని తీర్పు చెప్పింది. రాయి నిజంగానే ఉంది. గుండెలో కాదు, దానికి కాస్త ఎడంగా.

ఒక పొద్దున వామన్‌రావు తనే లేచి వంటింట్లోకి వచ్చాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఆ గడప దాటింది గ్యాస్ సిలిండర్ మార్చడానికే. గోడ పట్టుకుని, ఆయాసపడుతూ, కప్పూ సాసరూ గలగలమంటుంటే వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"నువ్వెన్నడన్న కూసొని చాయ్ తాగినవా ప్రభా?" అన్నాడు.

ఆమె స్టవ్ మంట తగ్గించింది.

ఆయన సగం సాసర్లోకి ఒంపాడు. సాసర్ తన దగ్గర ఉంచుకుని కప్పు ఆమెకి చాచాడు. సాసర్ కాదు, కప్పు. పిడి ఆమె వైపు తిప్పి మరీ ఇచ్చాడు. ఆయన ఎందుకిస్తున్నాడో ఆమెకి తెలుసు. తెలిసీ, ఆ పిడి తన వైపు తిరిగి ఉండటం చూసి, ఒక్క క్షణం అన్నీ మరిచిపోయింది. పుట్టింట్లో గానీ మెట్టినింట్లో గానీ ఆమెకి ఎవరూ చేత్తో టీ అందించలేదు. ఆ ఒక్క క్షణంలో గడ్డ కూడా గుర్తు రాలేదు.

తాగేసింది.

ఆయనా సాసర్ ఖాళీ చేశాడు. పాలు అడ్డం లేనందుకేమో, గ్రీన్ టీ చాయ్ కంటే తొందరగా పని చేసింది. ఆమెకి నిలబడిన చోటే ఊపిరి అందలేదు, గట్టు పట్టుకుంది. వామన్‌రావు ముఖంలోకి మాత్రం రంగు వచ్చింది. ఒక పెద్ద శ్వాస తీసుకుని నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలో ఉండగానే కుడి చెయ్యి ఎడమ చంక కిందికి పోయింది.

"అమ్మా! గిదేంది... గిది ఎవరిది?"

"నాది" అంది ప్రభావతి.

ఆయన బనీను మీంచే తడుముకున్నాడు. గడ్డ గట్టిగా, వేళ్లకి దొరుకుతూ ఉంది.

"ఎప్పటి సంది?"

"శానా రోజులైంది."

"చెప్పొద్దా మరి?"

"మీరెప్పుడన్న అడిగిన్రా?"

వామన్‌రావు పిల్లవాడిలా చూశాడు. "నాకు గిది వద్దు ప్రభా" అన్నాడు. పాపం, ఆమె మాత్రం కోరి తెచ్చుకుందా?

దవాఖానలో లేడీ డాక్టర్ వామన్‌రావు చంక కింద వేళ్లు పెట్టి చూసి, ముఖం చిట్లించింది. "ఇది మీలో పుట్టింది కాదు. ఎవరితోటి వన్ బై టూ తాగిన్రు?"

ఆయన భార్యని వేలెత్తి చూపించాడు, దొంగని పట్టిచ్చినట్టు.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టర్ ముగ్గురినీ కూర్చోబెట్టింది. క్యాన్సర్ ఎముకల దాకా పాకిందని చెప్పింది.

"ఇప్పుడు సగమైంది గద మేడమ్?" అంది రశ్మి.

"గడ్డ సగమైంది బేటా. ఆలస్యం సగం కాలే." డాక్టర్ ప్రభావతి వైపు తిరిగింది. "మీ గుండె బాగుంటే గట్టి మందులే ఇచ్చేవాళ్లం అమ్మా. కొన్నేళ్లు లాక్కొచ్చేవాళ్లం. ఇప్పుడీ గుండె ఆ మందులకు ఆగదు. ఆయనదీ ఆగదు. ఎట్ల తాగిన్రమ్మా?"

ఎట్లా తాగిందో ఎలా చెప్తుంది? పిడి తన వైపు తిరిగి ఉందని చెప్తుందా?

ఇంటికొచ్చాక వామన్‌రావు వంటింటి గడప మళ్లీ తొక్కలేదు. "ఎవరి కప్పు వాళ్లు తాగుదం. డాక్టరమ్మ గూడ అదే అన్నది" అన్నాడు. డాక్టరమ్మ అలా అనలేదు. విజయేందర్ ఒకసారి చూడటానికి వచ్చి, మంచినీళ్లు కూడా వద్దని, ఇప్పుడే తాగొచ్చానని, గడపలోంచే వెళ్లిపోయాడు. కామాక్షి మెట్ల మీద ఎదురైతే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకి తప్పుకునేది. రాతి గుండె అన్న తీర్పును మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

డబ్బాలో ఆకు ఇంకా మిగిలే ఉంది.

రశ్మి కాలేజీకి బయల్దేరుతున్న ఒక పొద్దున, ప్రభావతి వంటింట్లో పీట మీద కూర్చుని ఊపిరి కూడదీసుకుంటోంది. ముందు గదిలోంచి ఆయన మాట వినిపించింది. మెత్తగా, ఎవరో దూరపు చుట్టంతో మాట్లాడినట్టు.

"బిడ్డా, జర గ్రీన్ టీ తాగుతవా? స్కిన్‌కు మంచిదట. ఆడపిల్లలు గందుకే తాగుతరట. డబ్బా మీద రాసున్నది చూడు."

ఆయన రాక్షసుడు కాదు. చచ్చిపోతానని భయపడ్డ మామూలు మనిషి. ఏం అడుగుతున్నాడో తనకే తెలియదనుకోవడానికి డబ్బా మీది అక్షరాలు ఆయనకి సాయపడ్డాయి. ఆరోగ్యం పేరు పెడితే ఏదైనా అడగొచ్చు.

ప్రభావతి లేచింది. గోడ పట్టుకుని వచ్చేసరికి రశ్మి బ్యాగు దించి సోఫా అంచున కూర్చుని ఉంది. బల్ల మీద కప్పు ఉంది. సాసర్లో రెండో సగం పొగలు కక్కుతోంది. పిడి ఆయన వైపు ఉంది.

"రశ్మీ, లే."

"అమ్మా, నాకు తెల్వదా? తెలిసే తాగుతున్న." రశ్మి కళ్లు తడిగా ఉన్నాయి గానీ మాట గట్టిగా ఉంది. "డాడీతోటి తాగినంక నీతోటి గూడ తాగుత. ముగ్గురం పంచుకుంటే ఎవ్వరి మీద బరువుండదు. గా హోటల్ల మగోళ్లందరు గట్లనే గద బతికింది?"

"వాళ్లు నడుం నొప్పి పంచుకున్నరు. చావొచ్చేసరికి ఫుల్ చెప్పిన్రు."

"మనం గట్ల చెప్పొద్దనే గద..."

"విను." ప్రభావతి తలుపు పట్టుకుని ఊపిరి తీసుకుంది. "నొప్పి పంచుకుంటే తగ్గుతది. చావు పంచుకుంటే తగ్గదు బిడ్డా. చచ్చేటోళ్లు ఎక్కువైతరు."

వామన్‌రావు తల దించుకున్నాడు. రశ్మి చెయ్యి అప్పటికే సాసర్ అంచు మీద ఉంది.

ప్రభావతి ఆ చేతి కింద నుంచి సాసర్ లాగేసుకుంది. కొంత ఒలికి మణికట్టు కాలింది. మిగిలింది అక్కడే, అందరి ఎదుట, నాలుక మండుతుంటే చివరి చుక్క దాకా తాగేసింది. "మీరు గూడ తాగున్రి, సల్లారుతది" అంది మొగుడితో. ఆయన కప్పు ఎత్తి తాగాడు. ఇద్దరిలోనూ ఏదీ కదల్లేదు. కదలడానికి ఏం మిగల్లేదు, అప్పటికే అంతా సమానంగా ఉంది.

తర్వాత ప్రభావతి సోఫాలో ఆయన పక్కన కూర్చుంది. ముందు గదిలో, పొద్దున పూట, చేతిలో సాసర్‌తో ఆమె కూర్చోవడం అదే మొదలు.

"రేపటి సంది రోజూ సగం నాది" అంది. "మీ సాసర్ల ఇంకెవ్వరికి జాగ లేదు."

అలాగే జరిగింది. ఇద్దరి ఆయాసం ఒకే తీరుగా పెరిగింది. చంక కింద నొప్పి ఇద్దరినీ ఒకేసారి లేపేది. ఎవరికి ముందు, ఎవరికి వెనక అన్న ఆశ కూడా లేకుండా, ఒకే కుండలోంచి తోడుకున్న నీళ్లలా ఇద్దరూ కలిసి తరిగిపోసాగారు. దాన్ని చూసి వీధిలో వాళ్లు, ముసలితనంలో ఎంత అన్యోన్యంగా ఉన్నారో అన్నారు. ప్రభావతి విని నవ్వాలనుకుంది. అంత ఊపిరి లేదు.

రశ్మి రోజూ నీళ్లు కాచి, దింపి, కాస్త ఆగి ఆకు వేసేది. కప్పు వాళ్ల ముందు పెట్టి బ్యాగు తగిలించుకునేది. గడప దగ్గర ఆగి వెనక్కి చూసేది. అప్పుడు తల్లి సాసర్ ఎత్తి, బోర్లించి చూపించేది. ఒక్క చుక్క కూడా రాలేది కాదు. అది చూశాకే రశ్మి వీధిలోకి దిగేది.